చెద పట్టిన కారు

రిటైరవడానికి ముందు మూడేళ్లు నేను కడపలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. రోజంతా ఎర్రగుంట్ల సిమెంటు లారీలతోనే సరిపోయేది. చిన్న సుత్తితో క్యాబిన్ మీద తట్టి చూడటం నా అలవాటు. ఖంగుమంటే రేకు మంచిది. దబ్బుమంటే తుప్పు మీద పుట్టీ పూసి రంగు వేశారని లెక్క. నా చెవి మీద నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఒక వేసవిలో వేంపల్లె రైతు ఓబుళరెడ్డి గారు, తన తాత కొన్న కారును రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం తెచ్చారు. అంత పాత బండికి ఐదేళ్లకోసారి తనిఖీ తప్పదు. ఇందులో పోతే ఇక రోడ్డెక్కదు. పాత సామాన్లకు అమ్మేద్దామని కొడుకులు కాచుకుని ఉన్నారని ఆయనే చెప్పారు. తోలు సీట్లు నిగనిగలాడుతున్నాయి. దీపాల మీద పూత పోయి ఇత్తడి కనబడుతోంది. ముచ్చటేసింది గానీ, డ్యూటీ డ్యూటీయే. సుత్తితో తట్టాను. నాలుగు వైపులా దబ్బుమంది. ‘బాడీ అంతా పుట్టీ, అనర్హం’ అని తనిఖీ పత్రంలో రాసేశాను.

ఓబుళరెడ్డి గారి ముఖం వాడిపోయింది. ఆయన వెంట వచ్చిన వడ్రంగి దస్తగిరి మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాడు. ఎద్దుల బండ్లు చేసే మనిషి.

“రేకు కింద ఇనుము యాడుండాది సార్? అంతా కట్టెనే. ఆ కాలంలో కట్టెతో గూడు కట్టి, పైన రేకు పెట్టి మేకులు కొడతాండ్రి” అన్నాడు. తలుపు లోపలి తోలు విప్పి చూపించాడు కూడా. అన్నేళ్ల సర్వీసులో ఆ సంగతి తెలియనందుకు నాకు సిగ్గేసింది.

కట్టెను ఎలా పరీక్షించాలో అతన్నే అడిగాను. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడమన్నాడు, దిగితే పోయినట్టేనట. తలుపుల పక్కన నిలువుగా ఉన్న ఒక్కో కట్టె స్తంభాన్నీ పొడిచాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఎడమవైపు వెనక తలుపు స్తంభంలో మాత్రం పిడి దాకా దిగింది. చెద. ఈసారి దస్తగిరి నవ్వు ఆగిపోయింది. ఏటా ఆ బండి కట్టెపని చూసేది అతనే.

అనర్హం అన్న రాతను కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, ‘స్తంభానికి చెద, మార్చి తేవలెను’ అని రాశాను. మా ఆర్టీవో అది చదివి, వాహనం తనిఖీ చేశావా, వాకిలి తనిఖీ చేశావా అని ఆటపట్టించారు.

పదిహేను రోజులకు దస్తగిరి తుమ్మకట్టెతో స్తంభం మార్చి తెచ్చాడు. పొడిచాను. దిగలేదు. ఐదేళ్లకు పొడిగించాను. “శానా సంతోషమప్పా” అని ఓబుళరెడ్డి గారు నన్ను ఎక్కించుకుని ఆఫీసు చుట్టూ ఒక రౌండు తిప్పారు.

బండిని దేనితో కట్టారో తెలియకుండా పరీక్షించే హక్కు ఇన్‌స్పెక్టరుకు లేదు. నాకది సర్వీసు చివర్లో తెలిసింది. ఎదురుచెప్పే వడ్రంగి పక్కన లేని రోజుల్లో ఎన్ని బండ్లకు తప్పు రాశానో నాకు తెలియదు.