ఫింటన్ సర్దిన సంచి

పది నెలలపాటు రోజూ ఉదయం ఐదింటికే పాలు పిండటానికి లేచే ఫింటన్, చూలు ఆవులన్నీ వట్టిపోయే డిసెంబరు కోసం చిన్నపిల్లాడిలా ఎదురుచూస్తాడు. ఈసారి మేత తాను వేస్తానని పక్కింటాయన మాటిచ్చాడు. అంతే, బురద బూట్లయినా విప్పకుండా సముద్రపుటొడ్డున కిల్‌బ్రాన్‌లో గదులు అద్దెకిచ్చే ఆవిడకు ఫోన్ చేశాడు. "చలికాలం ఇక్కడేముంది బాబూ? ఐస్‌క్రీం కొట్టు కూడా మూసేశారు, ఒకటే వాన," అందావిడ. "సముద్రాన్నయితే మూసెయ్యలేదుగా తల్లీ! మూడు రోజులు దాని ఎదురుగా ఉన్న గది మా ఇద్దరికీ ఉంచు," అన్నాడు. ఆవిడ నవ్వి సరేనంది.

ఇక అతనికి కాలు నిలవలేదు. కాయలు కాసిన చేతులతో ఉన్ని స్వెటర్లు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. వానకోటు, టీ పొడి, ఇంటి వెన్న సంచిలో కుక్కాడు. చివరికి మంచం పక్కనున్న అలారం గడియారాన్ని తువ్వాలులో భద్రంగా చుడుతుంటే, భార్య నోరీన్ నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"అక్కడ నీకోసం ఏ ఆవు కాచుక్కూర్చుందయ్యా మహానుభావా? గడియారమెందుకు?"

"ఐదింటికి అది మోగాలి నోరీన్! దాని నెత్తిన ఒక్కటిచ్చి, అటు తిరిగి పడుకోవాలి. అందుకేగా అంత దూరం వెళ్లేది!"