పసుపు జెండా కింద బేరం

కువైట్‌లో రేసు అధికారితోనే బేరమాడిన ఘనుణ్ణి నేను. కొట్ల మధ్య పెరిగానేమో, ఎవరైనా చెప్పిన మొదటి మాటకే ఒప్పుకుంటే నాకు తిన్నది అరగదు.

ఎనభైల్లో శుక్రవారాలు ఎడారిలో పాత కార్ల పందేలుండేవి. గంటలో ఎక్కువ చుట్లు తిరిగినవాడిదే గెలుపు. కారుకో మనిషి కూర్చుని, అది గీత దాటినప్పుడల్లా కార్డు మీద టిక్కు పెట్టాలి. మా గ్యారేజీ మెకానిక్ కారుకి ఆ మనిషిని నేను. మూడేళ్లుగా పాపం అతను ఒక్కసారీ గెలవలేదు.

ఆ రోజు నలభై ఒకటి తిరిగాడు. రెండోవాడు ముప్ఫై తొమ్మిది. కాకపోతే, మధ్యలో ఎవరిదో కారు బోల్తాపడి పసుపు జెండా ఊపారు. అది ఊపినప్పుడు ఎవర్నీ దాటకూడదు. మావాడు దాటేశాడు. అధికారి ఒక చుట్టు కోశాడు.

"అర చుట్టుతో సరిపెట్టండి సార్," అన్నాను.

"వాదించినందుకు ఇంకోటి."

"బావా, నీకు దణ్ణం పెడతాను, నోరు మూసుకో!" అని మెకానిక్ అరిచాడు.

నేనాగితేగా! "పోనీ, ఆ రెండోదైనా వదిలెయ్యండి సార్."

"మూడు. ఖలాస్!"

ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. తిరిగినవి నలభై ఒకటి. మావాడి తొందరకి పోయింది ఒకటి, నా నోటికి పోయినవి రెండు. మిగిలినవి ముప్ఫై ఎనిమిది. ఓడింది ఒక్క చుట్టు తేడాతో.