కుడిపక్క నీళ్లు

మా బావకు నీళ్లందించడం నేను ఏడాది పొడుగునా సాధన చేశాను. నవ్వకండి. బావ అంటే మా మేనమామ కొడుకు, నా భర్త. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటినా నోటికి ఆ పిలుపే అలవాటు. తెల్లవారుజామున బెంగళూరు శివార్లలో, సర్జాపుర నుంచి ఆనేకల్ పోయే రోడ్డు అంచున నిలబడి, సీసాను మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని చెయ్యి బారుగా చాపేదాన్ని. తను సైకిల్ మీద వచ్చి, ఆగకుండా, ఎడమచేత్తో దాన్ని లాక్కుని పోవాలి. మొదట్లో సీసా నా కాళ్ల మీద పడేది. పాలవ్యాన్ల వాళ్లు వేగం తగ్గించి మరీ చూసి పోయేవాళ్లు. హైస్కూల్లో లెక్కలు చెప్పే పంతులమ్మకు ఈ వేషం ఏమిటని నాకే నవ్వొచ్చేది.

ఇదంతా ఎందుకంటే, బావకు కుడిచెయ్యి వణుకు. మొదట బొటనవేలు ఒక్కటే ఆడేది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అద్దం ముందు అంతసేపు ఏం చేస్తున్నాడో అని విసుక్కునేదాన్ని. చిన్నప్పుడు ఆనేకల్‌లో మా మామ మగ్గం పక్కన కూర్చుని, తెగిన పట్టుపోగులను కళ్లు మూసుకుని ముడివేసిన వేళ్లవి. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ పార్కిన్సన్స్ అని చెప్పింది. ఇది పోయే జబ్బు కాదు, నెమ్మదిగా పెరుగుతుంది, వ్యాయామం చేస్తే ఆ పెరగడం కాస్త మందగించవచ్చు అంది. మాత్రలు వేసుకోమంటే మొహం తిప్పుకునే మనిషి, వ్యాయామం అన్న మాటను మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

ఈత మొదలైంది, తర్వాత సైకిల్, తర్వాత పరుగు. మారతహళ్ళిలో మేముండే ఫ్లాట్ చిన్నది, అందులో సగం తన బూట్లూ టైర్లే. ఒకరోజు భోజనాల దగ్గర, తూర్పు సముద్రాల్లో ఒక దీవి ఉందనీ, అక్కడ ఈ మూడూ ఒకేరోజు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ జరుగుతుందనీ చెప్పాడు. సముద్రంలో రెండు కిలోమీటర్ల ఈత, తొంభై కిలోమీటర్ల సైకిల్, ఆపైన ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. నేను సంగటి ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయాను. నీకు పిచ్చా అని అడిగాను. కాదు, టైం తక్కువ అన్నాడు.

డాక్టరమ్మ ఒప్పుకోదనుకున్నాను. ఆమె చాలాసేపు ఆలోచించి, ఈ ఒక్క ఏడాదికి సరే అంది. ఈ జబ్బులో కొందరికి నీళ్లలో కాళ్లూ చేతులూ ఒకే లయలో ఒకదానితో ఒకటి కలవడం మానేస్తాయట, అది ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేమట. కాబట్టి వచ్చే ఏడాది సముద్రంలో దిగనివ్వనని ముందే చెప్పేసింది. అంటే ఒకే ఒక్కసారి. ఆ దీవిలో, ఈత, సైకిల్, పరుగు దేనికి పెట్టిన గడువులో దాన్ని ముగించి, చివరి గీత దాటాలి. బావకు ఇంకేమీ అక్కర్లేదు. ఇంటికొచ్చాక నా భయాలన్నీ మూటగట్టి అటక మీద పెట్టి, నేనూ దానికే పనిచేయడం మొదలుపెట్టాను.

ఆ దీవి మ్యాప్ మా హాల్లో గోడకెక్కింది. ఈత మొదలయ్యేచోట నీటి వాలు ఒడ్డు వెంబడి ఉంటుందనీ, పోయేటప్పుడు తోస్తుందనీ, వచ్చేటప్పుడు వెనక్కి లాగుతుందనీ తెలుసుకున్నాం. సైకిల్ దారి దీవి చుట్టూ రెండు చుట్లు. చుట్టు చివర జాలర్ల ఊరు దాటాక నిటారుగా ఒక కొండ. అన్నిటికంటే చెడ్డది అక్కడి ఉక్క. బెంగళూరులో సైకిల్ తొక్కేవాళ్లందరూ నీళ్ల ట్యాంకర్లూ స్కూలు బస్సులూ లేవకముందే తొక్కి ఇంటికొచ్చేస్తారు. ఎండంటే ఏమిటో ఒంటికి తెలియదు. అందుకని బావ బాత్రూం తలుపు వేసి, గీజర్ నీళ్లు బకెట్లలో నింపి, ఆ ఆవిరిలో సైకిల్‌ను స్టాండెక్కించి గంటలకొద్దీ తొక్కేవాడు. గోడ రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. బట్టలు పిండుకుంటూ బయటికొస్తే, నేను తువ్వాలుతో తల తుడుస్తూ తిట్టేదాన్ని.

చేతి సంగతి తనే కనిపెట్టాడు. కుడిచేత్తో సైకిల్ హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకున్నంతసేపూ వణుకు ఆగిపోతుంది. వదిలితే మొదలు. కాబట్టి కుడిచెయ్యి ఎన్నడూ వదలకూడదు, నీళ్లందుకునే పనంతా ఎడమచేతిది. హ్యాండిల్ మీద గొట్టం పెట్టి తాగే సీసా ఒకటి ఉంటుంది. అది అయిపోతే, దారిలో బల్లలు వేసుకుని నిలబడ్డ కార్యకర్తలు చేతులు చాపి సీసాలు అందిస్తారు. ఆగకుండా వాటిని అందుకోవడమే మేం నేర్చుకున్నది. తీరా నేను అక్కడ నీళ్లివ్వడానికి వీల్లేదట. పోటీలో ఉన్న మనిషికి బయటివాళ్లు నీళ్లిచ్చినా, చెయ్యి ఆనించినా, అతన్ని పోటీ నుంచి తీసేస్తారట. పెళ్లాం నీళ్లిస్తే తప్పేమిటని నేను ఎగిరిపడ్డాను. రూలంటే రూలేనన్నాడు బావ.

అయినా ఆ తెల్లవారుజాములు నాకిష్టం. దూరం నుంచి లైటు కనిపించగానే చెయ్యి చాపేదాన్ని. సీసా నా వేళ్లలోంచి జారి తన ఎడమచేతిలోకి పోయేది, ఒక్కోసారి తను నవ్వేవాడు కూడా. చివరి నెలల్లో ఒక్కటి కూడా పడలేదు. మా పెళ్లయిన తర్వాత మేమిద్దరం కలిసి అంత బాగా చేసిన పని ఇంకొకటి లేదు.

దీవిలో దిగి ట్యాక్సీ ఎక్కబోతే డ్రైవర్ కూర్చోవాల్సిన చోట నేను కూర్చోబోయాను. స్టీరింగ్ ఎడమపక్క ఉంది. అక్కడ బండ్లన్నీ రోడ్డుకు కుడిపక్కన పోతాయి. ఇద్దరం నవ్వుకున్నాం, డ్రైవర్ కూడా నవ్వాడు. కొంతదూరం పోయాక బావ నవ్వు ఆపి, కిటికీలోంచి రోడ్డు అంచునే చూస్తూ కూర్చున్నాడు. ఏమైందన్నాను. వీళ్లు కుడిపక్క నిలబడతారు, అన్నాడు.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. బండ్లు కుడిపక్కన పోయే ఊళ్లో, నీళ్లిచ్చేవాళ్లు కూడా కుడి అంచునే నిలబడతారు. సీసాను కుడిచేత్తో అందుకోవాలి. ఏడాదిపాటు మేము మ్యాప్‌లో ప్రతి ఎత్తూ ప్రతి మలుపూ వేలు పెట్టి చూశాం, సముద్రం అడుగు సంగతి కూడా కనుక్కున్నాం. రోడ్డుకు ఏ పక్కన పోవాలో మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. పుట్టినప్పటి నుంచి ఎడమపక్కన పోయేవాళ్లం, రోడ్డుకు ఇంకో పక్క ఉంటుందని ఎందుకనుకుంటాం.

మర్నాడు హోటల్ వెనక సందులో నేను కుడి అంచున నిలబడ్డాను. బావ హ్యాండిల్ మీంచి కుడిచెయ్యి తీయగానే అది గాల్లో ఎగిరెగిరిపడింది. సీసాకు తగిలింది గానీ పట్టు దొరకలేదు. ఎడమచెయ్యి ఇటు తిప్పి అందుకోబోతే సైకిల్ పక్కకు ఒరిగి గోడకు రాసుకుంది. సాయంత్రం దాకా అదే పని. చివరికి బావ సందు చివర గట్టు మీద కూర్చుని, ప్రతి బల్ల దగ్గరా ఆగి, కాలు కింద పెట్టి తాగుతానన్నాడు. టైం పోతుంది కదా అన్నాను. పోతుంది, అన్నాడు.

పోటీరోజు పొద్దున బావ ఎడమ చీలమండకు పట్టీ కట్టారు. అందులో చిన్న చిప్ ఉంటుంది, మనిషి ఎప్పుడు ఎక్కడ దాటాడో అదే చెబుతుంది. అది కాలికి ఉన్నంతసేపూ నువ్వు నన్ను ముట్టుకోకూడదు అని బావ నన్ను ఆట పట్టించాడు. మడి కట్టుకున్నావులే అన్నాను. అందరితోపాటు నీళ్లలోకి దిగాడు. ఆ ఈత టోపీల మధ్య తనదేదో నాకు తెలియలేదు. డాక్టరమ్మ చెప్పిన మాటలు గుర్తొచ్చి ఒడ్డు వెంబడి అటూ ఇటూ తిరిగాను. చాలామంది బయటికొచ్చేశారు. ఆ తర్వాత బావ వచ్చాడు, మెడ మీద జెల్లీచేప కుట్టి ఎర్రగా వాతతేలి, నవ్వుతూ. సముద్రం తనను మోసం చేయలేదు. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను.

జాలర్ల ఊరు తర్వాతి కొండ కొన దగ్గర నేను కాచుకుని ఉన్నాను. మొదటి చుట్టులో తను ఆ ఎత్తు ఎక్కి నన్ను దాటిపోయాడు, తల కూడా తిప్పలేదు. అప్పటికి బాగానే ఉన్నాడు. ఎండ ముదిరింది. కొబ్బరాకు కూడా కదలడం లేదు. రెండో చుట్టులో ఎంతకీ రాలేదు. వచ్చేటప్పటికి సైకిల్ ఎక్కి లేడు, తోసుకుంటూ వస్తున్నాడు.

జరిగింది తర్వాత చెప్పాడు. మొదటి చుట్టులో ఆగిన ప్రతిచోటా టైం కరిగిపోవడం చూసి, రెండో చుట్టులో కొండకు ముందున్న బల్ల దగ్గర ఆగకుండా కుడిచెయ్యి చాపాడట. సీసా చేతికి వచ్చింది. వచ్చిందనుకునేలోపే జారి పోయింది. వెనక్కి తిరగడం ఇష్టంలేక, ఉన్న ఖాళీ సీసాతోనే కొండెక్కాడు. సగంలో పిక్కలు పట్టేశాయి.

నాకు పది అడుగుల దూరంలో వచ్చి రోడ్డు అంచున కూలబడ్డాడు. పెదాలు తెల్లగా పొడిబారి ఉన్నాయి. నా చేతిలో చల్లని నీళ్లసీసా ఉంది, మూత తీసి ఉంది. ఎప్పుడు తీశానో నాకే తెలియదు. నా చెయ్యి దానంతటదే చాచుకుంది.

"ఇయ్యద్దు," అన్నాడు బావ. "ఇంకా టైం ఉండాది."

తర్వాతి బల్ల కొండ దిగాక ఎక్కడో ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఇస్తే ఎవరు చూస్తారని గొణిగాను. నేను పోయి ముట్టుకోకుండా పక్కన కూర్చున్నాను. తను పిక్కలు నొక్కుకుంటున్నాడు, లేవబోతున్నాడు, మళ్లీ కూర్చుంటున్నాడు. సీసా మీది నీటి చుక్కలు కారి నా చీర తడిసింది. కట్టుకున్న మొగుడు దాహంతో పక్కన కూర్చుని ఉంటే నీళ్లు చేతిలో పెట్టుకుని చూస్తూ ఉండటం ఎలాంటిదో నాకు ఆ రోజే తెలిసింది, అంత కష్టం నేను ఎన్నడూ పడలేదు. కోపం కూడా వచ్చింది, తన మీద, ఆ రూలు మీద, బెంగళూరు రోడ్ల మీద.

ఒకామె మోటార్ సైకిల్ మీద వచ్చింది. పోటీ నడిపేవాళ్ల మనిషి. గడియారం చూపించి, సైకిల్ గడువు దాటిపోయిందని మెల్లగా చెప్పింది, తనను క్షమించమంది. బావ తలూపాడు. ఆమె వంగితే బావ ఎడమకాలు ముందుకు చాపాడు. ఆమె చీలమండకున్న పట్టీ విప్పి తీసుకుంది. ఆ చోట తెల్లటి చార మిగిలింది.

అప్పుడు నావైపు తిరిగి, "ఇప్పుడు ఇయ్యి," అన్నాడు.

సీసా తన చేతిలో పెడితే నీళ్లన్నీ ఒలికిపోయేటట్టు ఉన్నాయి. నేనే నోటికి ఆనించాను. గుటకల మధ్య ఏడుస్తూ తాగాడు. ఆమె పక్కకు తిరిగి సముద్రం వైపు చూస్తూ నిలబడింది.

మారతహళ్ళికి తిరిగొచ్చాం. ఆనేకల్ చుట్టాలు అడిగితే అక్కడి కొండ చాలా ఎత్తప్పా అని చెప్పి ఊరుకునేవాడు. డాక్టరమ్మ మాట నిజమైంది. మరుసటి ఏడాదే కొలనులో కాళ్లూ చేతులూ కలవడం మానేశాయి, ఈత ఆగింది. ఆ తర్వాత సైకిల్ బాల్కనీకెక్కింది, దాని మీద నేను బట్టలారేస్తాను. వణుకు ఎడమచేతికి కూడా వచ్చింది. కానీ ఇంట్లో మాత్రం బావ ఆ రూలు వదల్లేదు. గుండీలు పెట్టబోతే ఇయ్యద్దు లాంటి చూపొకటి చూసేవాడు. గ్లాసు అందుకోవడానికి ఎంతసేపు పట్టినా, సగం టేబుల్ మీద పోయినా, తనే తాగాలి. నేను ఎదురుగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒలికాక తుడవడం మాత్రం నా పని. తిట్టుకుంటూ తుడిచేదాన్ని. అలా మూడేళ్లు గడిచాయి.

ఈ ఎండాకాలంలో ఒక పొద్దున, మాత్ర వేసుకోవడానికి గ్లాసు వైపు చెయ్యి చాపాడు. చెయ్యి గ్లాసు దాకా పోలేదు. మళ్లీ చాపాడు. కింద ట్యాంకర్ వచ్చి హారన్ కొడుతోంది. నేను ఎప్పటిలాగే కదలకుండా కూర్చున్నాను. బావ చెయ్యి వెనక్కి తీసుకుని, కొంచెంసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, ఎడమకాలు నావైపు చాపాడు.

నేను లేచాను. కింద కూర్చుని ఆ చీలమండ మీద చెయ్యి వేసి, లేని పట్టీని విప్పి తీశాను. ఆ తర్వాత గ్లాసు తీసుకుని తన నోటికి ఆనించాను.