నా చెయ్యి చేసిన నిర్వాకం

నా ఈ కుడి చెయ్యి చూస్తున్నారు కదా, మొన్న బుధవారం ఇది భుజానికి ఉంటుందో ఊడుతుందో తెలియని పరిస్థితి వచ్చింది. నవ్వకండి. ఇక్కడ కూర్చుని టీ తాగుతూ ఎవరైనా నవ్వుతారు. ఆ రోజు పరకాల నుంచి ఎనుమాముల మార్కెట్ దాకా నేను లారీ నడపలేదు, ప్రాణాలు ఒక అరచేతిలో పెట్టుకుని మిగిలిన చేత్తో స్టీరింగ్ తిప్పాను.

మిర్చి లోడు. బస్తాలు క్యాబిన్ కంటే ఎత్తుగా వేశారు. సేటుకు పొద్దున్నే గుంటూరు నుంచి ట్రంకాల్ వచ్చిందట, ధర పడిపోయేలా ఉందని. వేలం మొదలయ్యేలోపు సరుకు మార్కెట్‌లో ఉండాలని నా ప్రాణం తీశాడు. పక్క సీట్లో మా క్లీనర్ మల్లయ్య కాక. క్లీనర్ అంటే కుర్రవాడు అనుకునేరు, నా పెళ్లికి పెద్దమనిషిగా వచ్చి కూర్చున్నవాడు. బండి కదలగానే నిద్రపోవడం ఆయన అలవాటు. బ్రేక్ వేస్తే లేచి నన్ను తిట్టడం ఇంకో అలవాటు.

పరకాల దాటగానే వెనక ఒక లారీ తగులుకుంది. ఖాళీ బండి. ఖాళీ బండి డ్రైవర్‌కు ఎంత తొందర ఉంటుందో మీకు నేను చెప్పాలా? నా తోక పట్టుకుని ఒకటే హారన్. అద్దంలో చూస్తే వాడి బంపర్ కూడా కనబడటం లేదు, అంత దగ్గర. సైడిద్దామంటే ఎట్లా ఇస్తాను, అక్కడ తారు అంచులు జానెడు లోతున కోసుకుపోయి ఉన్నాయి. ఆ లోడుతో చక్రం కిందికి దింపితే బండి పక్కకు పడుకుంటుంది. కాస్త ఓపిక పట్టరా బాబూ అని లోపలే అనుకుంటూ నా దారిన నేను పోతున్నాను.

మన పనిలో ఒక మర్యాద ఉంది కదా. ముందు బండి ఎత్తుగా ఉంటే వెనకవాడికి రోడ్డు కనబడదు. అందుకని ముందున్నవాడే ఎదురుగా ఏమీ రావడం లేదని చూసి, కుడి చెయ్యి బయట పెట్టి, పో అన్నట్టు ఊపుతాడు. వెనకవాడు ఇంక చూసుకోడు. ఆ చెయ్యి మీద నమ్మకంతో గేరు మార్చి వచ్చేస్తాడు. దాటాక థాంక్స్ అన్నట్టు ఒక చిన్న హారన్ కొట్టి పోతాడు. ఇండికేటర్లు అంటారా, మా బండికి కొన్న కొత్తలో ఉండేవట, నేను చూడలేదు. ఏ ఊరివాడో, ఎవరి కొడుకో తెలియని డ్రైవర్ చెయ్యిని అట్లా నమ్ముతాం మనం. సొంత తమ్ముణ్ని కూడా అంత నమ్మం.

అదుగో, అక్కడే కొంప మునిగింది. క్యాబిన్ వెనక బస్తా ఒకటి చిరిగినట్టుంది, వెనక కిటికీలోంచి మిరప ఘాటు లోపలికి రావడం మొదలైంది. తుమ్ము మీద తుమ్ము. కళ్ల నీళ్లు, ముక్కు నీళ్లు ఏకమైపోయాయి. నా తువ్వాల చూస్తే మల్లయ్య కాక తల కింద ఉంది. ఏం చేస్తాను? చేత్తోనే ముక్కు చీది, చెయ్యి బయట పెట్టి గట్టిగా దులిపాను. వేళ్లకు అంటుకున్నది పోలేదని మళ్లీ దులిపాను.

వెనకవాడు దాన్ని ఏమనుకున్నాడో మీకు అర్థమైపోయింది. నాకు మాత్రం అప్పుడు అర్థం కాలేదు, అదే నా ఖర్మ.

ఒక్క ఊపున ఆ లారీ నా కుడి పక్కకు వచ్చేసింది. ఎదురుగా ఎర్ర బస్సు! బస్సు డ్రైవర్ మహానుభావుడు, మట్టిలోకి దింపేశాడు. లారీవాడు బ్రేకులు కీచుమనిపించి మళ్లీ నా వెనక దూరాడు. వెంట్రుకవాసిలో తప్పింది, ఎవరికీ ఏమీ కాలేదు. భయం కాస్త తగ్గగానే కోపం వచ్చింది. బస్సు వస్తుంటే ఓవర్‌టేక్ చేస్తాడా, ఎంత పొగరు వీడికి అని, అదే చెయ్యి మళ్లీ బయట పెట్టి, కళ్లు కనబడటం లేదా అన్నట్టు వేళ్లు తిప్పాను. చావుకు పంపించి, పైగా వెక్కిరిస్తున్నాడని ఆయన అనుకుని ఉంటాడు. ఆయన చోట నేనున్నా అదే అనుకునేవాణ్ని.

అక్కడి నుంచి హారన్ ఆగిపోయింది. హారన్ కొట్టే లారీకి నేను ఏనాడూ భయపడలేదు. కొట్టకుండా వెంట వచ్చే లారీ ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది. రోడ్డు వెడల్పుగా ఉన్న చోట పూర్తిగా ఎడమకు జరిగి, రాజుగారి ఊరేగింపు పోయేంత దారి ఇచ్చాను. పోలేదు. నేను వేగం తగ్గిస్తే తగ్గించాడు, పెంచితే పెంచాడు. సైడిచ్చినా పోని లారీని నా జన్మలో అప్పుడే చూశాను.

ఇందాకటి బ్రేకుల గోలకు మల్లయ్య కాక లేచి కూర్చున్నాడు. కిటికీలోంచి తల బయట పెట్టి వెనక్కి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల మెల్లగా లోపలికి తెచ్చుకున్నాడు.

"సాంబా, గాయిన ముందుకు పోతలేడు. మన కోసమే వస్తాండు. అద్దం ముందట జాకీ రాడ్ తీసి పెట్టుకున్నడు."

క్లచ్ మీద కాలు ఉందో లేదో తెలియడం లేదు. పొద్దున సద్ది కడుతూ మా ఆవిడ జాగ్రత్తగా పోయిరా అని చెప్పిందా లేదా అని గుర్తు చేసుకున్నాను. రోజూ చెప్పేది, ఈ ఒక్క రోజే చెప్పలేదు అనిపించి ఏడుపొచ్చింది. గూడెప్పాడు క్రాస్ దగ్గర మనం రోజూ ఆగే టీ హోటల్ వచ్చింది. అక్కడ తెలిసినవాళ్లు నలుగురు ఉంటారు, ఆగుదామనుకున్నాను. కానీ ఆగితే దిగాలి కదా! హోటలాయన నాకోసం గ్లాసు పట్టుకుని రోడ్డు దాకా వచ్చాడు. ఆయనకు ఒక దండం పెట్టి ఆగకుండా పోయాను. ఆ దండం ఎందుకో ఆ రోజు ఆయనకు అర్థమై ఉండదు.

ఎనుమాముల మార్కెట్‌లో దూరితే బతికిపోతాననుకున్నాను. గేటు ముందు చూస్తే లారీలు, ఎడ్లబండ్లు బారులు తీరి ఉన్నాయి. నా ముందు ఒక ఎడ్లబండి. ఎద్దులు తాపీగా నెమరేస్తున్నాయి, వాటికేం ఫికర్? వెనక ఆ లారీ వచ్చి నా తోకకు ఆనుకుని ఆగింది. తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. తాళ్లు ఎట్లున్నాయో చూసొస్తానని మల్లయ్య కాక అటు పక్క నుంచి దిగిపోయాడు. ఇన్నేళ్లలో ఆయన తనంతట తాను తాళ్లు చూడటానికి పోవడం అదే మొదలు.

వచ్చినాయన పేరు ఐలయ్య అని తర్వాత తెలిసింది. అప్పటికి నాకు కనబడింది ఒక మీసం, భుజం మీద తువ్వాల, చేతిలో రాడ్. దిగమన్నాడు. నేను అద్దం ఎత్తబోయాను. అది సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంక చేసేది లేక దిగాను.

"నేను రోడ్డు సూడలే, నీ చెయ్యి సూసిన," అన్నాడు. "డ్రైవర్ చెయ్యి గదా అని కండ్లు మూసుకొని వచ్చిన. బస్సు కిందికి తోలుతవా ర?"

అప్పుడు అర్థమైంది నాకు. చుట్టూ డ్రైవర్లు పోగయ్యారు. ఆయన అందరికీ నా బండి చూపించి, వీడి చెయ్యిని నమ్మకండని చెబుతున్నాడు. నిజంగా చెబుతున్నా, రాడ్ కంటే ఆ మాటకే ఎక్కువ భయపడ్డాను. దెబ్బలు మానిపోతాయి. సైడిచ్చి చంపుతాడు అనే పేరు పడితే ఇంక ఈ రోడ్డు మీద నన్ను ఎవరు మనిషిగా చూస్తారు? రేపు నా బండి దారిలో నిలిచిపోతే ఎవడు ఆగుతాడు, ఎవడు స్టెప్నీ ఇస్తాడు?

నిజం చెబుదామంటే అది ఇంకా అధ్వానంగా ఉంది. చంపబోలేదన్నా, నీ బండి మీద చీమిడి చల్లాను అంతే అని రాడ్ పట్టుకున్న మనిషితో ఎట్లా చెప్పడం? అందుకని అబద్ధం ఆడాను. చేనులో మా బామ్మర్ది కనబడితే చెయ్యి ఊపానన్నాను. ఐలయ్య కాస్త మెత్తబడ్డాడు కూడా. సరిగ్గా అప్పుడే లారీ అవతల నుంచి మల్లయ్య కాక గొంతు వినబడింది.

"నీ బామ్మర్ది కొత్తవాడల మగ్గం మీద జంపఖానలు నేస్తడు గద సాంబా, చేన్లకెందుకొస్తడు?"

రాడ్ లేచింది. నేను కళ్లు మూసుకున్నాను.

"అన్నా, నేను సైడియ్యలే. ముక్కు చీదిన."

దెబ్బ పడలేదు. మెల్లగా కళ్లు తెరిచాను. ఐలయ్య వెనక్కి తిరిగి తన లారీ ముందు అద్దం చూస్తున్నాడు. తర్వాత తన భుజం మీది తువ్వాల చూసుకున్నాడు. దారిలో అద్దం మీద ఏదో పడిందని ఆ తువ్వాలతోనే తుడిచాడట. ఆ పైన ఎండకు చెమట పడితే దాంతోనే మొహం తుడుచుకున్నాడట. తువ్వాలను రెండు వేళ్లతో తీసి నేల మీద పడేశాడు. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను.

రాడ్ మళ్లీ ఎత్తాడు. ఎత్తి, అట్లాగే ఆగి, తుమ్మాడు. మిర్చి సీజన్‌లో ఆ గేటు దగ్గర తుమ్మకుండా నిలబడినవాడు ఎవడు? ఒకటి కాదు, వరసగా తుమ్ములు. రాడ్ చంకలో పెట్టుకుని, తువ్వాల లేదు కదా పాపం, చేత్తోనే చీది గట్టిగా దులిపాడు. ఆయన లారీ వెనక లైన్లో ఇంకో లారీ ఉంది. ఎవరో ముందుకు రమ్మని చెయ్యి ఊపుతున్నారనుకుని ఆ డ్రైవర్ గేరు వేసి వచ్చాడు. వచ్చి, ఐలయ్య బండి తోకకు ధన్‌మని తగిలించాడు. నువ్వు రమ్మంటేనే వచ్చిన గద అన్నా అని కిటికీలోంచి లబలబలాడాడు.

అందరూ ఒకటే నవ్వు. ఐలయ్య తన చెయ్యి చూసుకున్నాడు. నా చెయ్యి చూశాడు. గిట్లనేనా అని అడిగాడు. గిట్లనే అన్నా అన్నాను. రాడ్ కిందికి దించాడు, గొంతు కూడా దిగింది.

"బస్సు కనవడ్డప్పుడు నా ఇద్దరు బిడ్డలు కండ్ల ముందట మెదిలిన్రు ర. ఇగనుంచి తువ్వాల జర దగ్గర పెట్టుకో."

ఆ మాటకు నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. మిర్చి వల్ల కాదు. ప్రాణం దక్కింది, పరువు కూడా దక్కింది అనుకుని ఇంటికి పోయి కడుపు నిండా తిన్నాను.

కానీ ఆ ఐలయ్య ఉన్నాడే, మనిషి బంగారం, నోరే ఆగదు. ఈ రోడ్డు మీద ఉన్న ప్రతి హోటల్‌లో ఈ కథ చెప్పుకుంటూ పోయాడు. ఈ పొద్దున నా వెనక ఒక లారీ హారన్ కొట్టింది. ఎదురుగా చూస్తే కనుచూపు మేర ఖాళీ. పెళ్లికి పిలిచినంత మర్యాదగా చెయ్యి బయట పెట్టి ఊపాను. రాలేదు. మళ్లీ ఊపాను. ఇంకా వెనక్కి తగ్గాడు. చివరికి రోడ్డు వెడల్పైన చోట భయం భయంగా పక్కకు వచ్చారు. ఆ బండి క్లీనర్ తల బయట పెట్టి అరిచాడు.

"అన్నా, సైడిస్తాన్నవా, చీదుతాన్నవా?"

సైడే తమ్మీ, ఒట్టు, సైడే అని చెబుదామని నోరు తెరిచాను. తుమ్మొచ్చింది.