పనమరం

మద్రాసు వ్యాసర్పాడిలో ఉండే అమ్మాసి, ఇళ్లల్లో చెట్లు కొట్టే పనికి పోయినప్పుడల్లా, గొడ్డలి ఎత్తకముందు మానుమీద చెయ్యేసి "ఇదేనామ్మా?" అని మూడుసార్లు అడుగుతాడు. ఇంటోళ్లు విసుక్కున్నా సరే, అడక్కుండా దెబ్బ వెయ్యడు.

యాభైమూడులో, నెల్లూరు పక్కనుంచి పట్నం చేరిన కొత్తలో, పెరంబూరులో ఒక అరవాయన పెరట్లోని పనమరం కొట్టెయ్యమని చెప్పి ఆఫీసుకు పోయాడు. అరవంలో పనమరమంటే తాటిచెట్టు. అమ్మాసి పనసచెట్టనుకున్నాడు. మొదలునుంచీ కాయలు వేలాడుతున్న ఆ పనసను చూస్తే చెయ్యి రాలేదు. బజారుకు పోయిన ఆయన తల్లి వచ్చేదాకా ఆగి ఒకమాట అడుగుదామనుకున్నాడు గానీ, అరవం రానోడని నవ్వుతుందేమోనని రోషం అడ్డమొచ్చింది. మధ్యాహ్నానికల్లా చెట్టు నేలమీదుంది.

ముసలామె వచ్చి, తన చేత్తో నాటుకున్న చెట్టు మొద్దుమీద కూలబడింది. తిట్టలేదు. "ఒక్కమాట అడగకూడదా అప్పా" అంది, అరవంలోనే. ఆ అరవం మాత్రం అమ్మాసికి ముక్కముక్కా అర్థమైంది.

కొట్టమన్న ఆ తాటిచెట్టు ఇంకా ఆడే ఉంది. మట్టలు పడి ఇంటి పెంకులు పగిలినప్పుడల్లా కొత్తవి వేయించుకుంటారు గానీ, దాన్ని కొట్టమని ఆ ఇంటోళ్లు మళ్లీ ఎవరినీ పిలవలేదు.