కడియపులంక తోటలో కార్తీక ఆదివారం

మా చిన్నోడు నోరు మూసుకుని రెండు నిమిషాలు ఉండలేడు. "అమ్మా, ఈ చెట్టుకి పేరెవరు పెట్టారు? అమ్మా, సీతాకోకచిలుక ఎక్కడ పడుకుంటుంది?" అంటూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాడు. చాలాసేపటి నుంచి నన్నెవరూ ఏమీ అడగలేదని తట్టి తలెత్తేసరికి ఒంటిగంటా పది నిమిషాలు. చాప మీద వాడు లేడు.

అప్పటిదాకా అన్నీ నేననుకున్నట్టే జరిగాయి. నాలుగేళ్ళ పిల్లాణ్ణి, ఎనిమిదేళ్ళ లాస్యని తీసుకుని తోటకి వెళ్ళడమంటే నాకు వారం రోజుల పని. మంచినీళ్ళు, మార్చడానికి బట్టలు, దోమల మందు, జ్వరం సిరప్, చాప, రెండు గొడుగులు. "తోటకి వెళ్తున్నామా, కాశీకి వెళ్తున్నామా?" అన్నారు మా ఆయన సంచులు మోస్తూ. చిన్నోడి చొక్కా జేబులో మా ఇద్దరి ఫోన్ నంబర్లు రాసిన చీటీ పెట్టి పిన్నీసు గుచ్చాను.

పాలకొల్లులో ఏడుంబావుకి రాజమండ్రి బస్సెక్కాం. ఆడవాళ్ళకి ఉచితం, చిన్నోడికి టికెట్టు లేదు కాబట్టి మా నలుగురిలో డబ్బులిచ్చింది ఆయనొక్కరే. ఆధార్ కార్డు మరిచిపోకండి, కండక్టరు అడుగుతారు. నేను చిన్నోడి జేబు పిన్నీసు సరిచేస్తుంటే పక్క సీటు పెద్దావిడ చూసి నవ్వింది.

"అడ్రసు రాసి పెట్టావేంటమ్మా, పిల్లాణ్ణి పార్సిలు పంపుతున్నావా?"

"భయమండి, జనం ఎక్కువుంటారు కదా."

"మన వైపు పిల్లలు ఎక్కడికి పోతారమ్మా!" అని వాడి బుగ్గ పుణికి రావులపాలెంలో దిగిపోయింది.

తొమ్మిదిన్నరకి కడియపులంకలో దిగి, ఆటోలో తోట చేరాం. దారికి రెండు వైపులా నర్సరీలే. చామంతులు, కాగితంపూలు, లారీలోకి తాటి మొక్కలు ఎత్తుతున్న కూలీలు. లాస్య ఒక్కో రంగుకీ ఆటో ఆపమంది. తోటలో ఉయ్యాలలున్నాయి, పెద్ద చెట్లున్నాయి, పిల్లలు పరిగెత్తే పచ్చిక ఉంది. కార్తీక మాసంలో వెళ్ళేవాళ్ళకి ఒక మాట: పదింటిలోపు చేరకపోతే నీడ దొరకదు. మేం వెళ్ళేసరికే ఉసిరి చెట్ల కింద వనభోజనాల వాళ్ళు గాడిపొయ్యిలు తవ్వేశారు.

పన్నెండింటికి మేం తెచ్చుకున్న పెరుగన్నం విప్పాను. చిన్నోడు రెండు ముద్దలు తిని వద్దన్నాడు. ఆయన, లాస్య ఉయ్యాలల వైపు వెళ్ళారు. నేను గిన్నెలు కడిగి సంచులు సర్దుతూ ఉండిపోయాను.

ఇక ఒంటిగంటా పది తరవాత సంగతి. ముందు ఉయ్యాలల దగ్గరకి పరిగెత్తాను. "ఏవండీ, చిన్నోడు మీ దగ్గరున్నాడా?" ఆయన ముఖం చూస్తేనే జవాబు తెలిసిపోయింది. ఆయన గేటు వైపు, నేను చెట్ల వైపు వెతికాం. వనభోజనాల వాళ్ళు వరసగా కూర్చుని తింటున్నారు. వాళ్ళ వెనకగా రెండుసార్లు పేరు పెట్టి అరుస్తూ వెళ్ళాను. వంగిన వీపులే కనిపించాయి. అప్పుడు తోట వెనక గేటు చూశాను. బార్లా తీసి ఉంది. దాని అవతల కాలువ.

కాలువ నిండుగా పోతోంది. గట్టు మీద కూర్చున్న కాపలాదారు, "ఇటెవరూ రాలేదమ్మా, నేను పొద్దుటి నుంచి కదల్లేదు" అన్నాడు. ఆ మాట నమ్మడానికి నా కాళ్ళు ఒప్పుకోలేదు. నీళ్ళ మీద గుర్రపుడెక్క తీగ కదిలిన చోటల్లా చూస్తూ గట్టు వెంబడి నడిచాను. ఎంతసేపో చెప్పలేను.

వెనక నుంచి లాస్య కేక వినిపించింది. "అమ్మా! వీడు ఇక్కడ భోంచేస్తున్నాడే!"

నేను రెండుసార్లు దాటిన ఆ వరసలోనే, ఇద్దరు ముసలమ్మల మధ్య, విస్తరి ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. పులిహోర అయిపోయింది, పనసపొట్టు కూర పక్కకి నెట్టేశాడు, చేతిలో నెయ్యి కారుతున్న బూరె. వడ్డించే ఆవిడ నన్ను చూసి గరిటె వదిలేసింది.

"అయ్యో, మీ బాబాండీ! మేం రెండు వీధుల వాళ్ళం కలిసి వచ్చామండి. మేమేమో వెనక వీధి వాళ్ళ పిల్లాడనుకున్నాం, వాళ్ళేమో మా పిల్లాడనుకున్నారు. ఆకు ముందు కూర్చున్న పిల్లాణ్ణి నువ్వెవరివని ఎలా అడుగుతామండీ?"

జేబులో చీటీ అలాగే ఉంది. తప్పిపోయినట్టుంటే కదా ఎవరైనా చూడ్డానికి!

"ఎవరు పిలిచార్రా నిన్ను?" అన్నారు మా ఆయన.

"ఎవరూ పిలవలేదు. ఆకు ఖాళీగా ఉంది."

"కొత్తవాళ్ళిస్తే తీసుకోవద్దని చెప్పానా, లేదా?" అన్నాను.

"చేతికివ్వలేదమ్మా. ఆకులో వేశారు."

వరసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. పక్కనున్న ముసలమ్మ నా చెయ్యి పట్టి లాగి, "ముందు కూర్చో తల్లీ, ముఖం పీక్కుపోయింది. ఇంకో మూడాకులు వెయ్యండే!" అంది. మేం తినేశామండీ అంటే వినలేదు. ఆ మధ్యాహ్నం రెండోసారి భోజనం చేశాను. ఇప్పుడు తల్చుకుంటే పనసపొట్టు కూరలో ఆవ ఘాటు ఒక్కటే గుర్తుంది.

నాలుగున్నరకి తిరుగు బస్సు. సిద్ధాంతం వంతెన దాటేటప్పుడు గోదావరి ఎర్రగా ఉంది. చిన్నోడు నా ఒళ్ళో నిద్రపోయాడు, వాడి వేళ్ళకింకా నెయ్యి వాసన. వీడికి వడ్డించిన ఆవిడ పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. తోట బాగుంది, వెళ్ళండి. వెనక గేటు సంగతి మాత్రం మరవకండి.

మర్నాడు పొద్దున్న పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టాను. అరవాలనే అనుకున్నాను. చివరికి ఇలా చెప్పాను: "మేం కనిపించకపోతే నీళ్ళ వైపు వెళ్ళొద్దు. నలుగురూ కూర్చుని తింటున్న చోటికి వెళ్ళండి. కానీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు, నేను మీ పిల్లాణ్ణి కాదండీ, మా అమ్మ వెతుకుతూ ఉంటుంది, అని చెప్పాలి."

చిన్నోడికి మళ్ళీ ప్రశ్న వచ్చింది. "చెప్తే లేపేస్తారేమో?"

"లేపరు నాన్నా" అన్నాను.