పూజలో ఉన్న ప్రపంచ మతాలు

ప్రపంచ మతాల మీద వ్యాసం రాయాలంటే మొదట ఎన్‌సైక్లోపీడియా చూడాలని మా చరిత్ర మాస్టారు చెప్పారు. అందులో విషయం స్థూలంగా తెలుసుకుని, చివర ఇచ్చిన పుస్తకాల పేర్లు పట్టుకుని ముందుకు పోవాలట. దసరా సెలవులయ్యాక ఎవరి వ్యాసం బాగుంటే వాళ్ళని విశాఖపట్నం పోటీకి పంపిస్తామన్నారు. పేర్లిచ్చింది నేనూ, మా క్లాసులో ఒక అబ్బాయీ. అరవైల మొదట్లో మాట; అప్పటికి నేను కృష్ణ దాటలేదు. ఎలాగైనా వెళ్ళాలని మనసు ఒకటే పీకింది.

గుంటూరులో ఆ ఎన్‌సైక్లోపీడియా ఉన్న లైబ్రరీ మిరపకాయల కొట్ల మధ్య ఉండేది. అక్కడ తుమ్మకుండా పేజీ తిప్పినవాళ్ళు లేరు. తీరా వెళ్ళేసరికి సంపుటాలన్నీ బల్ల మీద గోపురంలా పేర్చి, పసుపు కుంకుమలు పెట్టి, పైన సరస్వతి పటం నిలబెట్టారు. నాకు కావలసిన మతాల సంపుటం అట్టడుగున ఉంది. విజయదశమి దాకా కదపకూడదన్నారు లైబ్రేరియన్ గారు.

"పూజలో పెట్టిన పుస్తకం తీస్తే చదువు రాదమ్మాయ్."

తియ్యకపోతే ఎలా వస్తుందండీ అన్నాను. ఆయన నాకేసి జాలిగా చూశారు. పాత పుస్తకాలకు అట్టలు కట్టే సాయిబు గారు నన్ను పక్కకి పిలిచి, పెద్దలు వద్దన్నాక ముట్టకూడదని బుద్ధి చెప్పారు. పేపరు చదువుకుంటున్న పాస్టరు గారు కూడా అవునన్నట్టు తలూపారు. మతాలన్నీ ఏకమై నా చదువుకి అడ్డం పడ్డాయి. నాకు ఏడుపొచ్చింది.

విజయదశమికి పటం దించారు. కొబ్బరినీళ్ళు కారి మతాల సంపుటం పేజీలన్నీ అతుక్కుపోయాయి. మెల్లగా విడదీస్తానని సాయిబు గారు పట్టుకుపోయారు. మర్నాడే కాలేజీ. చేసేదిలేక, ముగ్గురు మూడు మతాల పెద్దమనుషులు కలిసి ఒక పుస్తకాన్ని ఎంత భక్తిగా చదవనివ్వలేదో అదే రాసి పట్టుకెళ్ళాను.

మాస్టారు చదువుతూ నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఒకచోట ఆగి, "పూజలో ఉన్న పుస్తకం తియ్యమని నిజంగానే అడిగావా?" అన్నారు. అడిగానన్నాను. కాగితాలు మడిచి నా చేతికిచ్చేశారు.

ఆ అబ్బాయి ఒక్క ముక్క కూడా రాయలేదు. కలమూ కాగితాలూ ఇంట్లో పూజలో పెట్టానన్నాడు.

"అదీ శ్రద్ధంటే" అన్నారు మాస్టారు.

వ్యాసం ఆయనే దగ్గర కూర్చుని రాయించి, అతన్ని విశాఖ పంపారు. తిరిగొచ్చి ఓడలెంతెంత ఉంటాయో చెప్పబోయాడు. నోరు ముయ్యమన్నాను.